రువైస్ నుంచి మేనల్లుడికి

రువైస్, అబుదాబీ

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ అమ్మమ్మ, అక్క, బావగారు, నువ్వు అందరూ క్షేమమని తలుస్తాను. ఆదివారం నువ్వు ఫోను చేసి, నిన్ను ఇక్కడికి పంపిస్తానన్న ఏజెంటుకు కట్టడానికి అడిగిన రెండున్నర లక్షల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోనులోనే చెప్పవచ్చు గాని, నేను కాదనగానే నీ మనసు నొచ్చుకుంటుంది, ఆ తరువాత నేను చెప్పేదేదీ నీ చెవికి ఎక్కదు. కాగితం మీద అయితే ఒకటికి రెండుసార్లు చదువుకుంటావు. చదివాక అక్కకూ వినిపించు.

ఆ డబ్బు నేను పంపను. నా దగ్గర లేక కాదు, నీ మీద ప్రేమ తక్కువై అంతకన్నా కాదు. ఎందుకు పంపనో వివరంగా రాస్తాను.

ఆ ఏజెంటు నీకు 6జీ సర్టిఫికెట్ తనే ఇప్పిస్తానని, దానితో ఇక్కడికి వస్తే దిగిన మర్నాడే పైపు వెల్డరు జీతం మొదలవుతుందని చెప్పాడన్నావు. వెల్డరు పరీక్షకు ఇక్కడి ప్లాంటుల్లో ఎక్కువగా పాటించేది ఏఎస్ఎంఈ అనే అమెరికా ఇంజనీర్ల సంఘం కోడులో తొమ్మిదో సెక్షను. దాని ప్రకారం తన వెల్డర్లను పరీక్షించుకునే బాధ్యత ఏ సంస్థకు ఆ సంస్థదే. అంటే నువ్వు ఎక్కడి నుంచి ఏ కాగితం తెచ్చినా, చేరిన చోట నీ చేతికి ఒక పైపు ముక్క ఇచ్చి, నలభై అయిదు డిగ్రీల వాలులో బిగించి, వెల్డింగ్ చేయమంటారు. 6జీ అంటే అదే. పైపు తిరగదు, నువ్వే దాని చుట్టూ తిరగాలి, వంగాలి, ఒక్కోసారి మోకాళ్ల మీద కూర్చుని తల పైకెత్తాలి. అది ఎక్స్‌రేలో పాసయితేనే నీకు వెల్డరు నంబరు ఇస్తారు. ఆ నంబరు కూడా శాశ్వతం కాదు. ఆరు నెలలపాటు ఆ పద్ధతిలో పని చేయకపోతే అర్హత పోతుంది, మళ్లీ పరీక్షకు నిలబడాలి. ఇరవై ఏళ్లు ఈ పని చేసినవాడికైనా ఇదే నియమం. ఇటువంటి చోట కొన్న కాగితం ఎన్ని గంటలు నిలుస్తుందో నువ్వే ఆలోచించు.

నిరుడు వేసవిలో మన వైపు కుర్రవాడొకడు అలాగే వచ్చాడు. పేరు రాయను. వాళ్ల ఊరు మనకు బస్సులో గంట ప్రయాణం. టెస్టు బూత్‌లో ఇన్‌స్పెక్టరుగా నిలబడింది నేనే. అతను నన్ను చూసి, మాట యాసను బట్టి గోదావరి వాడినని పోల్చుకుని, ప్రాణం లేచివచ్చినట్టు నవ్వాడు. తరువాత టార్చి చేతిలోకి తీసుకున్నాడు. తీసుకున్న తీరులోనే నాకు అర్థమైపోయింది. అతని ఎడమ చేతికి, అతుకులోకి కరిగించే ఫిల్లరు తీగను వేళ్ల మధ్య నుంచి జరపడం రాదు. తీగ అయిపోవచ్చినప్పుడల్లా ఆగి, చెయ్యి మార్చి, మళ్లీ మొదలుపెడుతున్నాడు. అలా ఆగిన ప్రతిచోటా రూట్, అంటే అన్నిటికన్నా లోపల పడే మొదటి పొర, చల్లారిపోయి లోపల అతుకు పడలేదు. పైపు తీసి లోపలికి టార్చిలైటు వేసి చూస్తే, రెండు అంచులూ కలవకుండా వేటికవే నిలిచి ఉన్నాయి. దానికి ఎక్స్‌రే కూడా అక్కరలేదు. 'రిజెక్ట్' అని రాసి నేనే సంతకం పెట్టాను. పెట్టక తప్పదు, ఆ పైపులో రేపు ప్రవహించేది మంచినీళ్లు కాదు. అతన్ని హెల్పరుగా ఉంచుకున్నారు. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి రెండున్నర లక్షలు తెచ్చాడట. నెలకు వడ్డీయే అయిదువేలు. ఆ రాత్రి నేను అన్నం తినలేకపోయాను. నువ్వు ఆదివారం అదే అంకె చెప్పేసరికి ఆ కుర్రవాడి ముఖమే నా కళ్లముందు నిలిచింది.

కాకినాడ షెడ్డులో చేరి పద్నాలుగు నెలలైనా నీ చేతికి గ్రైండరు తప్ప వెల్డింగ్ రాడ్డు పట్టే హోల్డరు ఇవ్వడం లేదని బాధపడ్డావు. ఆ బాధ నాకు తెలియనిది కాదు. ఐటీఐలో ఏడాది వెల్డరు కోర్సు ముగించుకుని, 2003లో పదిహేడేళ్ల వయసులో గాజువాకలో ఒక షెడ్డులో చేరాను. పదకొండు నెలలు నాకు ఇచ్చిన పని రాడ్లు మోయడం, కేబుళ్లు చుట్టడం, గ్రైండింగ్ చేయడం. సాయంత్రానికి ముక్కులో నల్లటి ఇనుప రజను, చొక్కా నిండా నిప్పురవ్వల చిల్లులు. ఒకరోజు ఏడుపు ఆపుకోలేక మేస్త్రి దగ్గరకు వెళ్లి, నాకు హోల్డరు ఎప్పుడిస్తారని అడిగాను. ఆయన కోప్పడలేదు. ఆ ఉదయం నేను గ్రైండు చేసిన పైపు అంచు తెప్పించి, స్కేలు పెట్టి చూపించాడు. వాలు ఒకచోట ముప్పై ఏడున్నర డిగ్రీలు ఉంటే, జానెడు దూరంలో ముప్పై కూడా లేదు. అంచు కొస ఒకచోట మిల్లీమీటరున్నర, మరోచోట కత్తి వాదరలా పలచగా ఉంది. ఆ పలచటి చోట రూట్ వేసేవాడికి అంచు కరిగి బొక్క పడుతుందని, మందంగా ఉన్నచోట అతుకు లోపలిదాకా దిగదని, ఆ తప్పుకు తిట్లు తినేది వెల్డరే గాని తప్పు మాత్రం గ్రైండరు పట్టినవాడిదని ఆయన చెప్పాడు.

ఆ రోజు నుంచి నేను గ్రైండింగ్‌ను వేరే కంటితో చూశాను. రెండు పైపులను ఎదురెదురుగా పెట్టి, పూత రాలగొట్టిన 3.2 మిల్లీమీటర్ల రాడ్డును వంచి మధ్యలో దూర్చి గ్యాపు సరిచూసుకోవడం, లోపలి అంచులు ఒకదానికొకటి ఎక్కువ తక్కువ కాకుండా వేలు పెట్టి తడిమి తెలుసుకోవడం, ట్యాకు, అంటే పైపులను పట్టి ఉంచే చిన్న అతుకు, ఎక్కడ వేస్తే పైపు లాగదో కనిపెట్టడం, ఇవన్నీ హోల్డరు పట్టకముందే వచ్చాయి. ఈనాటికీ ఏదైనా జాయింటు దగ్గరకు వెళితే ముందుగా చూసేది రెండు ముక్కల కూర్పును, అంటే ఫిటప్‌నే. అది సరిగా లేకపోతే ఎంత మంచి చేతికైనా పని లొంగదు. నీకు పద్నాలుగు నెలలు వృథా అయ్యాయనిపిస్తున్నది గాని, నువ్వు గ్రైండు చేసిన అంచును ఇప్పుడు నేను కొలిస్తే ఎలా ఉంటుందో నీకు నువ్వు జవాబు చెప్పుకో. ఆ జవాబును బట్టే అవి వృథానో కాదో తేలుతుంది.

ఆ తరువాత ప్లేట్ల మీద నిలువు అతుకు, నెత్తిమీద అతుకు, ఆపైన పైపులు, ఇలా మెల్లగా సాగింది. దాని గురించి ఎక్కువ రాయను, నీకూ అదే వరుస వస్తుంది. 2008లో స్ట్రక్చరల్ వెల్డరుగా ఇక్కడికి వచ్చాను. పైపు వెల్డరు జీతం మాకన్నా బాగా ఎక్కువ. ఆ ఆశతో 2009లో 6జీ టెస్టుకు నిలబడి తప్పాను. 2010లో మళ్లీ తప్పాను.

రెండుసార్లూ ఒకేచోట తప్పాను. పైపు చుట్టూ ఉన్న స్థానాలను మేము గడియారంలా చెప్పుకుంటాం. పైన పన్నెండు గంటలు, అడుగున ఆరు గంటలు. ఆరుంచుల పైపు, దాదాపు పదకొండు మిల్లీమీటర్ల మందం, ఆర్గాన్‌తో రూట్. ఆరు గంటల చోట కరిగిన లోహం తన బరువుకు కిందికి, అంటే వెల్డరు వైపుకు జారుతుంది. లోపలి వైపు నిండుగా ఉబ్బాల్సిన రూట్ గుంట పడిపోతుంది. బయట నుంచి చూస్తే ఎంతో అందంగా ఉంటుంది. ఎక్స్‌రే ఫిల్ములో మాత్రం ఆ నాలుగంగుళాల మేర నల్లటి చార. రెండోసారి ఆ ఫిల్మును వెలుతురు పెట్టె మీద చూపించినప్పుడు నాకు కాళ్లలో సత్తువ లేకపోయింది. ఇంటికి వచ్చేద్దామనుకున్నాను. మీ అమ్మకు ఫోను చేసి అదే చెప్పాను. అక్క ఒక్కటే అడిగింది, తప్పింది పైపు మొత్తమా, కొంత మేరేనా అని. నాలుగంగుళాలు అన్నాను. అయితే ఆ నాలుగంగుళాలే నేర్చుకో అంది. అక్క ఎన్నడూ వెల్డింగ్ చూడలేదు. అయినా ఇన్‌స్పెక్టర్లు, సూపర్‌వైజర్లు ఎవరూ చెప్పని మాట అదొక్కతే చెప్పింది.

అప్పటిదాకా నేను ప్రాక్టీసుకు దొరికిన ప్రతి పైపునూ పన్నెండు నుంచి పన్నెండు వరకు పూర్తిగా చేసేవాడిని. వచ్చినదాన్నే మళ్లీ మళ్లీ చేస్తూ, రానిదాన్ని గబగబా దాటేస్తూ ఉన్నానని అక్క మాటతో తెలిసింది. పని ముగిశాక ఫోర్‌మన్‌ను బతిమాలి, చెత్తలో పడేసిన కోత ముక్కలు తెచ్చుకుని, అయిదు నుంచి ఏడు గంటల మధ్య మాత్రమే చేయడం మొదలుపెట్టాను. కరెంటు కొంచెం తగ్గించడం, ఆర్కును ఇంకా దగ్గరగా పట్టడం, తీగను బయట నుంచి తాకించకుండా గ్యాపులోంచి లోపలికి తోసి అక్కడ కరిగించడం. ఎదురుగా తాళంకప్ప రంధ్రం లాంటిది ఒకటి తెరుచుకుని ఉంటుంది. అది మూసుకుపోతే అతుకు లోపలికి దిగడం లేదని, పెద్దదైతే లోహం జారబోతున్నదని గుర్తు. దాన్ని ఒకే సైజులో ఉంచుతూ జరగడమే రూట్ పని అంతా.

అన్నిటికన్నా కష్టం ఎడమ చెయ్యి. బొటనవేలితో తీగను తోస్తూ ఉండాలి, చెయ్యి మాత్రం కదలకూడదు. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల దాకా ఎండలో పని చేయించకూడదని నియమం ఉంది. ఆ విశ్రాంతి వేళ అందరూ నీడన పడుకునేవారు. అంతకుముందు సెలవుకు వచ్చినప్పుడు మన పెరటి కొబ్బరి ఆకుల నుంచి చీల్చిన ఈనెలు నాలుగు నా పెట్టెలో ఉన్నాయి, అమ్మమ్మ బట్టల మీద దుమ్ము దులుపుకోమని కట్టి ఇచ్చింది. ఆ ఈనెను గ్లవ్ తొడిగిన వేళ్ల మధ్య పెట్టుకుని ఒక్కొక్క అంగుళం ముందుకు జరపడం సాధన చేశాను. ఈనె కొస సన్నం, మొదలు లావు, పైగా నున్నన. జారకుండా జరపడం తీగ కన్నా కష్టం. వేసవి అయ్యేసరికి నా బొటనవేలు నన్ను అడగకుండానే ఆ పని చేయసాగింది. 2011లో మూడోసారి నిలబడి పాసయ్యాను. హెల్పరుగా చేరిన రోజు నుంచి లెక్కపెడితే ఎనిమిదేళ్లు.

ఆ ఏజెంటు ఈ ఎనిమిదేళ్లనూ నీకు రెండున్నర లక్షలకు అమ్ముతానంటున్నాడు. అమ్మడానికి అవి అతని దగ్గర ఎక్కడున్నాయి?

చిన్నప్పుడు అమ్మమ్మ లేసు అల్లుతుండేది, నువ్వు చూసే ఉంటావు. నరసాపురం నుంచి ఆర్డర్లు పంటు మీద సఖినేటిపల్లి రేవుకు దాటి వచ్చేవి. ఒకసారి ఒక టేబులు గుడ్డ అంచులో ఎక్కడో ఒక కన్ను తప్పింది. ఏజెంటుకు గాని, కొనే దొరసానికి గాని అది కనిపించదు. అమ్మమ్మ దీపం ముందు కూర్చుని మూడు వరుసలు విప్పేసి మళ్లీ అల్లింది. రెండు రోజుల కూలి పోయింది. అప్పుడు నాకు అది మొండితనంగా తోచింది. ఇప్పుడు జాయింటులో తప్పు దొరికి, అంతదాకా వేసిన పొరలన్నీ తవ్వి మళ్లీ వేయించేటప్పుడు ఎవరైనా విసుక్కుంటే, నాకు ఆ దీపం గుర్తొస్తుంది.

మనం గ్యాసు నేల మీద పుట్టినవాళ్లం. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకున్నప్పుడు నాకు తొమ్మిదేళ్లు. రెండు నెలలకు పైగా ఆ మంట ఆరలేదు, రాత్రిళ్లు మన అరుగు మీద నుంచి కొబ్బరి తలల వెనుక ఆకాశం ఎర్రగా కనిపించేది. 2014 జూన్ 27న మన నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పేలి ఇరవై మందికి పైగా చనిపోయిన రోజు నేను ఇక్కడ ఉన్నాను, ఊరికి ఫోను కలవక మధ్యాహ్నం దాకా తల్లడిల్లిపోయాను. ఆ ప్రమాదానికి వెల్డింగ్ కారణమని నేను అనడం లేదు. గొట్టంలో ఏముందో, అది బయటికి వస్తే ఏమవుతుందో చూసిన ఊళ్లవాళ్లం గనుక, రాని పనిని వచ్చినట్టు చూపించి ఒక గొట్టం మీద చెయ్యి వేయడం మనకు తగదని మాత్రమే అంటున్నాను.

నీకు ఎనిమిదేళ్లప్పుడు ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియానికి తీసుకువెళ్లాను, జ్ఞాపకం ఉందా? ఇసుక మీద రాళ్లు పేరిస్తే మునిగిపోవా మావయ్యా, నిలుస్తాయని ఆయనకు ఎలా తెలుసు అని అడిగావు. ఆనాడు నాకు జవాబు తెలియదు. తరువాత చదివాను. కాటన్ గోదావరి మీద ఆనకట్ట మొదలుపెట్టింది 1847లో, ముగించింది 1852లో. అంతకు పదేళ్ల ముందే, 1836 ప్రాంతంలో, తమిళదేశంలో కొల్లిడం నది మీద ఆనకట్టలు కట్టించాడు. అక్కడ చోళుల నాటి కల్లణై ఆనకట్టను పరిశీలించి, వదులు ఇసుకలో పునాది ఎలా నిలబెట్టాలో వాళ్ల పని నుంచే నేర్చుకున్నాడు. మనకు అన్నం పెట్టిన ఆనకట్ట దగ్గరకు వచ్చేసరికి ఆయనకు నలభై దాటాయి, ఇసుక ఆయనకు కొత్త కాదు. నువ్వు ఆనాడు అడిగిన ప్రశ్నకు ఇంత ఆలస్యంగా జవాబు చెబుతున్నందుకు ఏమీ అనుకోకు.

నేను ఇన్‌స్పెక్టరును అయిన సంగతి నీకు తెలుసు గాని, 2016లో సీఎస్‌డబ్ల్యూఐపీ అనే వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్ల పరీక్ష ఒకసారి తప్పానని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చేతిపని భాగం గట్టెక్కింది, థియరీ పోయింది. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. ఒక నోటుపుస్తకం పెట్టుకుని, 'అండర్‌కట్' అంటే అంచు కోసుకుపోవడం, 'పొరాసిటీ' అంటే గాలి బుడగలు, ఇలా ప్రతి మాటకూ తెలుగులో నాకు తెలిసిన అర్థం రాసుకుంటూ రాత్రి రెండు పేజీల చొప్పున చదివాను. రెండు పేజీలంటే రెండే పేజీలు, పండగనాడు కూడా. మరుసటి ఏడాది పాసయ్యాను. ఆ నోటుపుస్తకం ఇంకా నా దగ్గర ఉంది, నీ కోసమే దాచాను.

ఇంత చెప్పానని, నోరు మూసుకుని ఆ షెడ్డులోనే పడి ఉండమంటున్నానని అనుకోవద్దు. పదిహేనేళ్లు ఓపికగా హెల్పర్లుగానే మిగిలిపోయినవాళ్లను నేను ఎందరినో చూశాను. వాళ్ల ఓపికలో లోటు లేదు, కానీ నిన్న రానిది నేడు ఏం వచ్చిందని ఒక్కనాడూ చూసుకోలేదు. నువ్వు రేపే మీ మేస్త్రిగారి దగ్గరకు వెళ్లి, పని అయ్యాక అరగంట కోత ముక్కల మీద చెయ్యి తిప్పుకోనివ్వమని మర్యాదగా అడుగు. రాడ్ల ఖర్చు మేము పెట్టుకుంటామని చెప్పు. మూడు నెలలు చూసి, అప్పటికీ ఒప్పుకోకపోతే షెడ్డు మారు, నేనే బావగారితో మాట్లాడతాను.

మొదట 7018 రాడ్డుతో పరిచయం పెంచుకో. డబ్బా మీది అంకెల్లో 70 అంటే చదరపు అంగుళానికి డెబ్బై వేల పౌండ్ల లాగుడు బలం, 1 అంటే అన్ని పొజిషన్లకూ పనికొస్తుందని, 8 అంటే హైడ్రోజన్ తక్కువుండే పూత అని. ఆ పూత గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. వానాకాలంలో మన వంటింట్లో ఉప్పు నీరైపోవడం చూస్తున్నావుగా, అదే చెమ్మ. దాని నుంచి లోహంలోకి హైడ్రోజన్ చేరితే, అప్పటికి బాగానే కనిపించిన అతుకు ఒకటి రెండు రోజుల తరువాత లోలోపల చిట్లుతుంది. అందుకే రాడ్లను ఓవెన్‌లో వేడిగా ఉంచుతారు. మీ షెడ్డులో ఓవెన్ ఉన్నదా, ఉంటే స్విచ్చి వేస్తున్నారా అన్నది చూడు. ఆ షెడ్డులో నేర్చుకోదగ్గది ఉందో లేదో అంతలోనే తెలిసిపోతుంది.

నేను పంపేది ఇది. వచ్చే నెల నుంచి నెలకు ఆరువేలు, రాడ్లకు, గ్రైండింగ్ చక్రాలకు, మంచి హెల్మెట్ గ్లాసుకు. కళ్ల దగ్గర పొదుపు చేయవద్దు. ఆర్గాన్ నేర్పే చోటు ఏదైనా చూసుకున్నాక ఆ ఫీజు కూడా నాదే. చెయ్యి సిద్ధమయ్యాక ఇక్కడికి రావాలనిపిస్తే, ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులో పేరున్న ఏజెంటు ద్వారానే రావాలి. నియమం ప్రకారం అతను తీసుకోదగిన సేవా రుసుము ముప్పై వేలు, దానిపైన జీఎస్టీ, అంతే. రెండున్నర లక్షలు అడిగినవాడి పేరు ఆ సైటులో ఉందేమో ఈ రాత్రే వెతికి చూడు. అడ్వాన్సుగా ఏమైనా ఇచ్చి ఉంటే దాచకుండా చెప్పు, కోప్పడను.

అమ్మమ్మకు మోకాలి మందు బావగారి స్నేహితుని చేత పంపుతున్నాను. ఈసారి సంక్రాంతికి పదిరోజుల సెలవు దొరికింది. భోగి నాటికి ఇంట్లో ఉంటాను. ఈలోగా నువ్వు వేసిన రూట్‌లలో ఒకదాన్ని, నీకు నచ్చినదాన్ని కాకుండా ఆరు గంటల చోట వేసినదాన్ని, అడ్డంగా కాక పొడవునా కోసి ఉంచు. లోపలి వైపు గ్రైండరు తగలనివ్వకు. ఎలా పడిందో అలాగే గుడ్డలో చుట్టి, తుప్పు పట్టకుండా కాస్త కొబ్బరినూనె రాసి, దూలం మీద పెట్టు. వచ్చాక అరుగు మీద వెలుతురులో ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ మావయ్య